జేబులో చింతపిక్కలు

కనుమ నాడు పొద్దున్నే మా ఆవిడ నా ప్యాంటు ఉతకడానికి తీసి, జేబుల్లో చెయ్యిపెట్టి, "ఇదేంటండీ, అరవై దాటాక అష్టాచెమ్మా మొదలెట్టారా?" అంది. కుడి జేబులో పధ్నాలుగు చింతపిక్కలు, ఎడం జేబులో ఆరు. పారెయ్యొద్దని చెప్పి డబ్బాలో పోయించాను. వచ్చే ఏడు మళ్లీ కావాలి.

నేను ముప్పయ్యేళ్లు హైస్కూల్లో డ్రిల్లు మాస్టార్ని. ఊళ్లో స్టాప్‌వాచ్ ఉన్న మనిషిని నేనొక్కణ్ణే కాబట్టి సంక్రాంతి ఎడ్ల పందేలకి టైము పట్టే పని నా నెత్తిన పడింది. రావులపాలెం నుంచి కోనసీమ లోపలికొస్తే మా ఊరు. ఆ రోజులకి చేలల్లో దాళ్వా పంటకి నీళ్లు పెట్టేస్తారు, అందుకని పందెం పంట కాలువ గట్టు మీద. వంతెన దగ్గర బయల్దేరి తూము దాకా, వెయ్యి మీటర్లు. గట్టు సన్నం, రెండు బండ్లు పక్కపక్కన పట్టవు. ఒక్కొక్క బండినీ వదిలి టైము రాసుకుంటాం. రెండు నిమిషాల పైచిలుకులో అయిపోతుంది. మొదటి బండికీ రెండో బండికీ తేడా ఎప్పుడూ ఒకటి రెండు సెకన్లే.

పందెపు బండి అంటే గడ్డి తోలే బండి కాదు. ఇరుసు, రెండు చక్రాలు, ముందుకి చాచిన కర్రలు, అవే నొగలు, నిలబడ్డానికి నాలుగు పలకలు. అంతే. గిత్తలు మాత్రం ఏడాది పొడుగునా మహారాజులు. ఉలవలు, తవుడు, పిల్లిపెసర, ఎండాకాలం ఫ్యాను. ఆసామి ఇంట్లో మనవడికి కూడా అంత సేవ జరగదు. ఆ రెండు నిమిషాలూ తప్ప.

రెండేళ్ల కిందట కరపత్రంలో కొత్తగా ఒక వాక్యం వేశారు. "గిత్తలను అనవసరముగా కొట్టరాదు. అతిక్రమించిన తోలువారికి రూ. 500 జరిమానా." సంతోషించాను. ఆ ఏడు గెలిచిన బండిని చివరి రెండొందల మీటర్లూ కళ్లారా చూశాను. చెర్నాకోల పద్దెనిమిదిసార్లు పడింది. అవి వదిలెయ్యండి. తూము దాటాక, నేను వాచీ నొక్కేశాక, ఇంకో రెండు పడ్డాయి. ఎందుకు? పందెం అయిపోయింది. గెలిచేశాడు. గిత్తలు ఆగడానికి చూస్తున్నాయి. ఆ ఊపులో చెయ్యి ఆగలేదు, అంతే.

'అనవసరముగా' అన్న మాటకి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని వెళ్లి చెప్పాను. కమిటీవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని, సరే ఐదొందలు కట్టాలన్నారు. ఆసామి అక్కడే ఉన్నాడు. మెడలో నోట్ల దండ. అందులోంచి రెండు ఐదొందల నోట్లు లాగి నా చేతిలో పెట్టి, "రెండోది వచ్చే ఏటికండి మాస్టారూ, ఎడ్వాన్సు" అన్నాడు. మైకులో కూడా నవ్వులు వినిపించాయి. నేనూ నవ్వినట్టే గుర్తు.

ఇంటికొచ్చి చట్టం ఏమంటుందా అని వెతికాను. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960 నాటిది. జంతువుని కొట్టినా, శక్తికి మించి తోలినా మొదటి తప్పుకి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే ఇరవై ఐదు నుంచి వంద రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. మా కమిటీయే నయం, ఐదొందలు పెట్టింది. 1965లో బండ్లు లాగే పశువుల కోసం విడిగా నిబంధనలు కూడా వచ్చాయి. రోజుకి తొమ్మిది గంటలు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట పన్నెండు నుంచి మూడు దాకా బండి కట్టకూడదు. ములుకులున్న కర్ర వాడకూడదు. ఇవన్నీ మా నాన్న జట్కా తోలే రోజుల్లోనే ఉన్నాయి. ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడో మాట దాచకుండా చెప్పాలి. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టుతో పాటు ఎడ్లబండి పందేలు దేశంలో ఎక్కడా కుదరవంది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలు సవరించుకున్నాయి, 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణల్ని సమర్థించింది. ఆ మూడింట్లో మన రాష్ట్రం లేదు. కాబట్టి నేను చెప్పే చెర్నాకోల లెక్కంతా, అసలు జరగొచ్చో లేదో తేలని పందెం లోపలి లెక్క. "అయితే మానేయండి మాస్టారూ" అంటే నా దగ్గర జవాబు లేదు. జరుగుతోంది, నేను గట్టు మీద నిలబడుతున్నాను. నిలబడ్డవాణ్ణి ఊరికే ఎందుకు నిలబడాలి అన్నదే నా గొడవ.

పోయినేడు మా అమ్మాయి దగ్గరికి మెల్‌బోర్న్ వెళ్లాం. వాళ్లుండేది టార్నీట్‌లో. వీధిలో నాలుగడుగులేస్తే ఎవరో ఒకరు "ఏ ఊరండీ మీది?" అంటారు, కాకినాడో భీమవరమో తేలుతుంది. మూడు వారాలకి పార్కులు చూసీ చూసీ విసుగెత్తిపోయి ఉంటే, అల్లుడు "మామయ్యగారూ, మీకు పందేలంటే ఇష్టం కదా, మెల్టన్‌లో గుర్రబ్బండి రేసులున్నాయి, పదండి" అన్నాడు. రాత్రిపూట, ఫ్లడ్‌లైట్ల కింద. చలికి మంకీ క్యాప్ పెట్టుకుని కూర్చున్నాను.

మన హైదరాబాదు రేసుల్లా గుర్రం మీద ఎక్కరు. వెనక సల్కీ అని రెండు చక్రాల బండి, దాంట్లో తోలేవాడు కాళ్లు బారజాపుకుని గుర్రం తోకకి మొహం ఆనిస్తాడా అన్నట్టు కూర్చుంటాడు. నాకు మా బండ్లే గుర్తొచ్చాయి. ముందు ఒక కారు రెండు రెక్కలు చాపుకుని వెళ్తుంది, గుర్రాలన్నీ ఆ రెక్కల వెనకాల వరసగా పరుగు అందుకుంటాయి, కారు జోరు పెంచి తప్పుకుంటుంది. పందెం 1720 మీటర్లో 2240 మీటర్లో. అన్నిటికంటే విచిత్రం, గుర్రం దౌడు తియ్యకూడదు. ఒక పక్క కాళ్లు రెండూ ఒకేసారి వెయ్యాలి, లేదా ఎదురెదురు మూలల కాళ్లు జంటగా. ఎగిరి దౌడందుకుందా, తోలేవాడు పగ్గాలు లాగి మళ్లీ ఆ నడకలోకి తేవాలి. ఈలోగా అందరూ దాటిపోతారు. ఆ జాతి గుర్రం పేరే స్టాండర్డ్‌బ్రెడ్. 1879లో అమెరికాలో, మైలు దూరం రెండున్నర నిమిషాల్లో పరిగెత్తితేనే ఆ జాతి కింద రాసుకుంటామని ఒక ప్రమాణం పెట్టారు, పేరు అందులోంచి వచ్చింది. అంటే అక్కడ అతిగా కొడితే నడక చెడి తోలేవాడికే నష్టం. మన గిత్తలకి ఆ రక్షణ లేదు. ఎలా పరిగెత్తినా పరుగే.

కొరడా ఉంది అక్కడ కూడా. సన్నగా, బారుగా. కానీ చెయ్యి పైకి లేవదు. రెండు చేతుల్లోనూ పగ్గాలుండాలి, కొరడా కొస ముందుకే చూడాలి, భుజం కదలకూడదు, ఊరికే విదిలించాలి. ఈగని తోలినట్టుంది. నేను ముప్పయ్యేళ్లు పిల్లలకి డిస్కస్, జావెలిన్ నేర్పినవాణ్ణి. దెబ్బలో బలం భుజంలోంచీ నడుంలోంచీ వస్తుంది. భుజాన్ని కట్టేస్తే దెబ్బ చచ్చిపోతుంది. ఆ నియమం రాసినవాడెవడో చెయ్యెత్తి కొట్టి చూసుకున్నవాడే అనుకున్నాను.

ఒక పందెం అయ్యాక గెలిచినవాణ్ణి లోపలికి పిలిచారని అల్లుడు చెప్పాడు. స్టూవర్డులని ఉంటారు, వీడియో ముందు కూర్చోబెట్టి అడుగుతారట. మర్నాడు వాళ్ల నివేదిక ఫోన్లో చూపించాడు. ప్రతి పందేనికీ ఏం జరిగిందో రాస్తారు, ఎవరైనా చదువుకోవచ్చు. శిక్ష జరిమానా కావొచ్చు, కొన్నాళ్లు సస్పెన్షన్ కావొచ్చు. సస్పెన్షన్ అంటే ఆ రోజుల్లో ఏ ఆసామి గుర్రాన్నీ తోలకూడదు, కూలి పోయినట్టే. నాకు బాగా నచ్చింది 'అనవసరం' అన్న మాటని వాళ్లు పట్టుకున్న తీరు. ఇక గెలవదని తేలిపోయిన గుర్రాన్ని కొట్టినా అనవసరమే, గెలుపు ఖాయమైపోయిన గుర్రాన్ని కొట్టినా అనవసరమే. నా తూము దగ్గరి రెండు దెబ్బలు నేరుగా అందులో పడతాయి.

అదేదో స్వర్గం అని చెప్పడం లేదు. 2016 డిసెంబరులో అక్కడి గుర్రబ్బండి రేసుల పెద్దలు 2017 సెప్టెంబరు 1 నుంచి కొరడా పూర్తిగా బంద్ అని ప్రకటించారు. అమల్లోకి రాకుండానే వాయిదా పడి, చివరికి ఈ విదిలింపు నియమంగా మిగిలింది. మనవాళ్ల తీర్మానాలు అరుగు మీంచి మెట్ల దాకా వచ్చేసరికి కరిగిపోయినట్టే. పైగా తోలేవాడికి శిక్ష పడ్డా గెలుపు గెలుపుగానే ఉంది. నా వెయ్యి రూపాయల ఆసామి అక్కడున్నా నవ్వేవాడే.

మందు ఇంగ్లండులో దొరికింది. అది బండి పందెం కాదు, గుర్రమెక్కే పందెం. 2023 నుంచి చదును పందేల్లో ఆరు దెబ్బలు, కంచెలు దూకే పందేల్లో ఏడు, అంతవరకే. దాటితే జాకీకి సస్పెన్షన్. హద్దు మీద నాలుగు గానీ అంతకు మించి గానీ పడ్డాయంటే గుర్రానికే గెలుపు లేదు, కొట్టేస్తారు. అప్పుడు ఆసామి నోట్ల దండలోంచి లాగడానికి దండే ఉండదు. ఆ రాత్రి టార్నీట్‌లో నిద్ర పట్టక లేచి, అల్లుడి కాగితాల వెనక రాసుకున్నాను: మాది టైము పందెం. గెలుపు కొట్టెయ్యక్కర్లేదు. ఆరు దాటితే దెబ్బకో సెకను కలిపితే చాలు.

ఊరొచ్చాక ధనుర్మాసంలో రామాలయం అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాను. వెయ్యి రూపాయల ఆసామి ముందు వరసలోనే. "కొట్టకుండా పరిగెడతాయేటండీ?" అని మొదటి ప్రశ్న. సిడ్నీ విశ్వవిద్యాలయం నుంచి మెక్‌గ్రీవీ, ఎవాన్స్ అనే ఇద్దరు 2011లో చేసిన పని చెప్పాను. గుర్రప్పందేల్లో చివరి 400 మీటర్లలోనే కొరడా ఎక్కువ. కానీ గుర్రాలు జోరుగా పరిగెత్తింది దానికి ముందు, కొరడా పడని చోట. అలిసిపోయాక కొట్టినందువల్ల వేగం పెరగలేదు. "అయ్యి గుర్రాలండీ, మనయ్యి ఎడ్లు" అన్నాడు ఆసామి. నిజమే, ఎడ్ల మీద ఎవరూ అలా కొలిచినట్టు నేను చూడలేదు.

చర్మం సంగతి ఎత్తాను. 2020లో గుర్రం పిర్ర చర్మాన్నీ మనిషి చర్మాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, పై పొరలో నొప్పి తెలిసే నరాల చివర్లలో పెద్ద తేడా కనబడలేదని. దానికీ అదే జవాబు వస్తుందని తెలిసి, ముందే అన్నాను: "సరేనండీ, గుర్రం సంగతి ఒగ్గెయ్యండి. మీ పాకలో గిత్త మీద ఈగ వాలితే ఏం చేస్తుంది?" అందరికీ తెలుసు. ఈగ వాలిన చోట, అరచెయ్యంత మేర, చర్మం ఒక్కటే వణుకుతుంది. కాలు కదలదు, తోక ఆడదు. అంత చిన్న బరువు ఎక్కడ పడిందో దానికి తెలుస్తుంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నెగ్గాననుకున్నాను.

అప్పుడు వెనకనించి లేచాడు ఆ రెండేళ్ల నాటి బండి తోలిన కుర్రాడు. కుర్రాడేంటి, నలభై దగ్గర పడ్డాయి. ఎనిమిదో తరగతిలో నా శిష్యుడు. చాలా మర్యాదగానే అడిగాడు. "మాస్టారూ, తప్పుగా అనుకోకండి. మీరు మమ్మల్ని ఎన్ని కొట్టేరో ఎప్పుడైనా లెక్కెట్టేరా అండీ?"

అరుగంతా గొల్లుమంది. వాడు నవ్వలేదు.

లెక్కపెట్టలేదు. నా దగ్గర పేము బెత్తం ఉండేది, చమురు రాసి దాచుకునేవాణ్ణి. ప్రార్థనకి ఆలస్యమైతే ఒకటి, చొక్కా టక్ చెయ్యకపోతే ఒకటి, ఎండలో పరుగు మధ్యలో ఆగిపోతే పిక్కల మీద ఒకటి. ఆగిపోయినవాణ్ణి కొట్టడం! గెలవదని తేలిన గుర్రం. 2010 ఏప్రిల్‌లో విద్యాహక్కు చట్టం అమల్లోకొచ్చి, కొట్టకూడదని హెడ్మాస్టరు సర్క్యులర్ చదివినప్పుడు నేను అన్నమాట నాకు గుర్తుంది. "కొట్టకుండా పరిగెడతారేటండీ?" అనే అన్నాను. బెత్తం బీరువా మీద పెట్టాను గానీ, ఇంకో ఏడాది దాకా అప్పుడప్పుడూ కిందికి దిగేది.

వాడితో, "లెక్కెట్టలేదురా. ఎవడైనా పక్కన నిలబడి లెక్కెట్టుంటే సగం కొట్టేవాణ్ణి కాదేమో" అన్నాను. వాడు కూర్చున్నాడు. తీర్మానం ఎలా పాసైందో నాకిప్పటికీ సరిగ్గా తెలియదు. వాళ్లు నన్ను ఉడికించిన ఖుషీలో ఒప్పేసుకున్నారనుకుంటాను. ఆరు దెబ్బలు, దాటితే దెబ్బకో సెకను. తోక మెలెయ్యడం, కొరకడం, ములుగర్ర ఉంటే బండే తీసెయ్యడం. లెక్కపెట్టే పని నాదే. టైము వాచీ లెక్కల మాస్టారికి ఇచ్చేశాను.

సంక్రాంతి నాడు మా తమ్ముడి కొడుకు మోటారు సైకిలు నడిపాడు, నేను వెనక కూర్చున్నాను. కుడి జేబులో ఇరవై పిక్కలు, దెబ్బ పడ్డప్పుడల్లా ఒకటి ఎడం జేబులోకి. గట్టు మీద గతుకులు, ముందు బండి లేపిన దుమ్ము, పక్కన కాలవ. రెండుసార్లు నీళ్లలో పడతామనే అనుకున్నాను. మొదటి బండికి పదకొండు, ఐదు సెకన్లు కలిపాం. ఆసామి బూతులు లంకించుకున్నాడు. రెండో బండికి తొమ్మిది. ఆరో బండి నుంచి చెయ్యి తగ్గడం మొదలైంది, జరిమానాకి తగ్గనిది సెకనుకి తగ్గింది. ఒక బండి వాడైతే నాలుగింటితో సరిపెట్టి నాకేసి తిరిగి చూశాడు, లెక్క సరిగ్గా పడిందా అని.

ఆఖరి బండి తోలింది నా శిష్యుడు, ఈసారి వేరే ఆసామికి. మొదటి మూడొందల మీటర్లలోనే ఆరూ వాడేశాడు. పిక్కలు ఎడం జేబులో పడుతుంటే, వీడికి ఇవాళ పది సెకన్లు ఖాయం అనుకున్నాను. తర్వాత వాడు చెర్నాకోల తిరగేశాడు. కర్ర వైపు కిందికి పెట్టి, నొగ మీద టకటక టకటక వాయించడం మొదలెట్టాడు. ఒళ్లు జలదరించింది నాకు. మా నాన్న జట్కా గుర్రాన్ని కొట్టేవాడు కాదు, కొరడా కర్రని చక్రం పుల్లల మధ్య ఆనించేవాడు. టకటకమని చప్పుడు రాగానే గుర్రం చెవులు వెనక్కి తిప్పి జోరందుకునేది. చిన్నప్పుడు సందులోకి బండి రాకముందే నాన్నొస్తున్నాడని ఆ చప్పుడుతోనే తెలిసేది. వీడు పుట్టేసరికి ఊళ్లో జట్కాలే లేవు. ఎక్కడ నేర్చాడో.

వాడే గెలిచాడు, ఒక సెకను పైన చిల్లర తేడాతో. నేను పుస్తకంలో ఆరు అని రాసి సంతకం పెడుతుంటే రెండో స్థానం ఆసామి, అదే వెయ్యి రూపాయలాయన, వచ్చి పక్కన నిలబడ్డాడు. ఈసారి నవ్వడం లేదు. "మరి ఆ నొగ మీద కొట్టినయ్యి లెక్కకి రావా అండీ? దెబ్బ తగల్లేదు, ఒప్పుకున్నాను. గిత్త బెదిరిందా లేదా? బెదిరే కదా పరిగెట్టింది?"

నేను మెల్టన్‌లో తోలేవాళ్లు కూడా సల్కీ మీద చప్పుడు చేస్తారని చెప్పబోయి ఆగిపోయాను. ఆయన గిత్తల దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు, మా వాడి గిత్తలు తొట్టి దగ్గర నీళ్లు తాగుతున్నాయి. పక్కన డప్పుల వాళ్లు ఇంకా వాయిస్తున్నారు. డప్పు మోగినప్పుడల్లా ఎడం పక్క గిత్త తల ఎత్తి నీళ్లు తాగడం ఆపుతోంది. మూడుసార్లు చూశాను.

ఆరు అని రాసింది కొట్టెయ్యలేదు. పక్కన 'నొగ చప్పుడు: తర్వాత' అని రాశాను. ఉగాది అయ్యాక అరుగు మీద మళ్లీ కూర్చుంటామన్నారు.